ఒకటి తక్కువ

మూడో చుట్టు సగానికి వచ్చేసరికి ఎండ బయ్యన్న వీపు మీదికి ఎక్కింది. రోజూ పొద్దున అతడు బీడు చుట్టూ నాలుగు సార్లు తిరుగుతాడు. తిరిగేటప్పుడు పిట్ట ఉన్న వైపు సూటిగా చూడడు. తప్పిపోయిన మేకను వెతికేవాడిలా, కాలిలో ముల్లు తీసుకోవడానికి ఆగినవాడిలా, వంకర టింకరగా నడుస్తాడు. తన మీదే చూపు నిలిపి వచ్చే మనిషి ఎవడైనా పిట్టకు శత్రువే. తన పాటికి తాను పోయే మనిషి మాత్రం గొర్రెతో సమానం, వాణ్ని చూసి అది బెదరదు. పద్దెనిమిదేళ్లుగా బయ్యన్న ఆ బీడులో గొర్రెతో సమానంగా నడుస్తున్నాడు. ఆ పనికి అటవీ శాఖవాళ్లు పెట్టిన పేరు వాచరు.

ఏభై ఎనిమిదేళ్ల మనిషి. పొట్టివాడు, ఎముక గట్టిది. మోకాళ్ల దగ్గర కాళ్లు కొంచెం బయటికి వంగి ఉంటాయి. చిన్నప్పటినుంచీ గొర్రెల వెంట గుట్టలెక్కి దిగినవాళ్ల కాళ్లు అలాగే ఉంటాయి. ఎడమకంట్లో పొర మొదలై రెండేళ్లయింది. ఆ సంగతి డిపార్టుమెంటుకు చెప్పలేదు, చూపులేని వాచరు మాకెందుకంటారేమోనని భయం. ఖాకీ చొక్కా భుజాల మీద చిరిగితే భార్య మారెక్క తన పాత రవిక గుడ్డతో లోపలివైపునుంచి అతుకు వేసింది. చెమట పట్టినప్పుడు ఆ అతుకు ఎర్రగా పైకి కనిపిస్తుంది. పర్మినెంటు చేస్తామని ఇప్పటికి నలుగురు రేంజర్లు చెప్పి వెళ్లారు. నలుగురూ పర్మినెంటే, చెప్పించుకున్నవాడు మాత్రం ఇంకా దినకూలీయే.

గుత్తికి పడమట, తుమ్మలదొడ్డి ఊరు దాటాక ఆరువందల ఎకరాల బీడు అది. చెట్టు లేదు, బండ లేదు, మోకాటి ఎత్తు బోదగడ్డి, అక్కడక్కడ రేగు పొదలు. ఆ ఏడు, అంటే రెండువేల మూడులో, గడ్డి చీలమండ దాటి పెరగలేదు. శ్రావణం సగమైనా వాన పడలేదు. చుట్టుపక్కల చేలల్లో విత్తిన వేరుశనగ మొలిచిన రెండాకుల దగ్గరే వాడిపోయి నిలబడిపోయింది. ఆ ఎండిన బీడు నడిమధ్యన, నాలుగు గులకరాళ్ల పక్కన, బట్టమేక పిట్ట ఒకటి గుడ్డు పెట్టుకుని పొదుగుతోంది.

బట్టమేకను చూడనివాళ్లకు చెప్పడం కష్టం. నిలబడితే మనిషి తొడ దాకా వచ్చే పిట్ట. పొడుగాటి మెడ, నెత్తిన నల్లటి టోపీ, పెళ్లివారింట్లో పెద్దముత్తైదువలా తీరికైన నడక. గూడు కట్టుకోదు. వట్టి నేల మీద ఏడాదికి ఒక్కటంటే ఒక్క గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డు పాడైతే ఆ ఏడు అంతే సంగతులు. ఈ గుడ్డు పెట్టి పంతొమ్మిది రోజులైంది. ఇంకో ఎనిమిది రోజులు గడిస్తే పిల్ల బయటికొస్తుంది. ఆ ఎనిమిది రోజులూ బీడు బీడులా ఉంటుందా ఉండదా అన్నది ఇవాళ హైదరాబాదులో తేలుతుంది. హైకోర్టువాళ్లు తీర్పు చెప్పే రోజు ఇదే. గుత్తి హైస్కూల్లో సైన్సు చెప్పే చంద్రమోహన్ అయివారు నిన్న రాత్రి రైలుకే వెళ్లాడు. తీర్పు రాగానే తుమ్మలదొడ్డిలో నల్లమ్మ కొట్టుకు ఫోను చేస్తానన్నాడు.

కోర్టుదాకా పోయిన సంగతి చిన్నదే. గాలిమరల కంపెనీ ఒకటి ఈ బీడు అడిగింది. ప్రభుత్వం ఇవ్వాలంటే ముందు పక్షుల రక్షణ కింద ఉన్న నేలను ఆ రక్షణలోనుంచి తప్పించాలి. తప్పించాలంటే ఇక్కడ పక్షులు లేవని తేలాలి. పై ఆఫీసర్లు జిల్లాకు రాశారు, జిల్లావాళ్లు రేంజికి రాశారు, రేంజివాళ్లు రిజిస్టరు తెరిచి చూశారు. గడిచిన మూడేళ్లూ పిట్టల సంఖ్య అన్న గడిలో వరసగా సున్నాలున్నాయి. ఇంకేం, పిట్టలు లేని చోట పిట్టల రక్షణ ఎందుకని ఉత్తర్వు వచ్చేసింది. ప్రభుత్వానికి కళ్లు లేవనడం అన్యాయం. బయ్యన్న కళ్లే ప్రభుత్వం కళ్లు. ఆ సున్నాలు పెట్టినవాడు బయ్యన్నే.

ఆ మూడేళ్లూ ఈ తల్లిపిట్ట ఇక్కడే తిరిగింది. బయ్యన్న దాన్ని చూడని రోజు లేదు. చూసి, సాయంత్రం ఇంటికొచ్చి, దీపం పెట్టకముందే రిజిస్టరు తెరిచి, తేదీ వేసి, సున్నా చుట్టి, సంతకం పెట్టేవాడు. అబద్ధం రాస్తున్నానన్న ఆలోచన ఏనాడూ అతని మనసులోకి రాలేదు.

అతని నాయన బీరప్పకు నూటికి పైగా గొర్రెలుండేవి. ఆ ఇంట్లో ప్రాణమున్నదాన్ని ఉన్నదున్నట్టు లెక్క చెప్పే ఆనవాయితీ లేదు. సాయంత్రం దొడ్డిలోకి తోలేటప్పుడు బీరప్ప లెక్కపెట్టేవాడు కాదు, ముఖాలు చూసి ఏది రాలేదో చెప్పేవాడు. కరణం వచ్చి ఎన్నని అడిగినా, కొనేవాడు అడిగినా, ఒకటి తగ్గించి చెప్పేవాడు. ఈనిన గొర్రెకు రెండు పిల్లలుంటే ఒకటే అనేవాడు. ఆ తగ్గించిన ఒకటి ఎవరి కంటా పడకుండా దేవుడి చాటున ఉంటుందని, అది ఉన్నంతకాలం మందకు చేటు రాదని వాళ్ల నమ్మకం. ఇంటికొచ్చిన చుట్టం పిల్లలెందరని అడిగితే బయ్యన్న తల్లి కూడా నలుగురికి ముగ్గురనే చెప్పేది. ఆ తగ్గిన ఒకడు ఎవడో అడిగే ధైర్యం పిల్లలకుండేది కాదు. బయ్యన్నకు తానేనని గట్టి అనుమానం.

కరువుకు మంద పోయింది, నాయన పోయాడు, రెండో తరగతిలో నేర్చిన అంకెలతో బయ్యన్న వాచరయ్యాడు. చేరిన ఏడు బీడులో తొమ్మిది పిట్టలుండేవి. ఎనిమిదని రాశాడు. ఆరున్నప్పుడు అయిదని రాశాడు. ఆఫీసువాళ్లు ఆ అంకెను చూసి తలాడించి పై కాగితంలోకి ఎక్కించుకునేవాళ్లు. పిట్టలు తగ్గుతూ వచ్చాయి. కొన్నింటిని వేటగాళ్లు కొట్టారు, కొన్ని ఎటో వెళ్లిపోయాయి. చివరికి ఒకటి మిగిలింది. అప్పుడు కూడా బయ్యన్న ఒకటి తగ్గించాడు. ఒకటే మిగిలినదాన్ని మరింత జాగ్రత్తగా దాచాలి కదా అనుకున్నాడు. పద్దెనిమిదేళ్లలో అతడు ఆ పిట్టలకు చేసిన సేవల్లో ఇదే పెద్దదని మనసులో గర్వం కూడా ఉండేది.

మొన్న వేసవిలో చంద్రమోహన్ అయివారు ఉత్తర్వు కాపీ తెచ్చి చదివి వినిపించినప్పుడు బయ్యన్నకు తల కొట్టేసినట్టయింది. అయివారు వారానికోసారి సైకిలు మీద వచ్చి దూరంనుంచి బైనాక్యులర్లో చూసి పోయే మనిషి. పిట్ట ఉన్నట్టు ఆయనకూ తెలుసు.

"మరి సున్నా ఎందుకు పెట్టినావు బయ్యన్నా?" అని అడిగాడు. కోపం కాదు, ఆశ్చర్యం.

"ఒకటే ఉండాది కద సార్," అన్నాడు బయ్యన్న.

అయివారికి అర్థమయ్యేసరికి గంట పట్టింది. ఆషాఢంలో ఎక్కడినుంచో మగపిట్ట ఒకటి వచ్చి పదిరోజులుండి పోయింది, తల్లి గుడ్డు పెట్టింది. అయివారు ఆలస్యం చేయకుండా హైకోర్టులో రిట్టు వేశాడు. బయ్యన్నను గుత్తికి తీసుకెళ్లి నోటరీ ముందు కూర్చోబెట్టాడు. రిజిస్టరులో ప్రతి అంకె ఒకటి తగ్గించి రాశాననీ, పిట్ట ఉందనీ ప్రమాణం చేసి చెప్పాలి. నోటరీ కళ్లజోడు సవరించుకుని, "ఎన్నుండాయప్పా?" అని అడిగాడు. బయ్యన్న నోరు తెరిచాడు, మాట రాలేదు. మంచినీళ్లు ఇచ్చారు. బల్ల అంచు పట్టుకుని, కళ్లు మూసుకుని, "ఒకటి. గుడ్డొకటి," అన్నాడు. బయటికొచ్చి కాలువ పక్కన వాంతి చేసుకున్నాడు.

ఆ తర్వాత బీట్ ఆఫీసరు రామాంజనేయులు ఇంటికొచ్చాడు. చిన్నవాడు, బయ్యన్న దగ్గరే బీడంతా తిరగడం నేర్చుకున్నవాడు. "నీ రిజిస్టరు తప్పని నువ్వే సంతకం పెడితే నీ పని ఉంటాదా బయ్యన్నా? ఏంటికి పెట్టుకున్న్యావు ఇది?" అని తలపట్టుకున్నాడు. మారెక్క ఆయనకు మజ్జిగ ఇచ్చింది.

మూడో చుట్టు పూర్తికాకముందే తూర్పువైపు దుమ్ము లేచింది. జీపు. బాట మీద కాదు, గడ్డిలోనుంచి తిన్నగా వస్తోంది. బయ్యన్న పరుగెత్తాడు. నడివయసు దాటాక అతడు అలా పరుగెత్తింది రెండో మూడో సార్లు. చేతులు రెండూ పైకెత్తి జీపుకు అడ్డం నిలబడ్డాడు. కంపెనీ సర్వేయరు తల బయటపెట్టాడు. వెనక ఇద్దరు మనుషులు ఎరుపూ తెలుపూ రంగు గడలు పట్టుకుని కూర్చున్నారు.

"ఏమప్పా, ఎద్దు మాదిరి అడ్డం వస్తివే?"

"ఇట్ల పోవద్దు సార్. ఆ గట్టెంబడి తిరుక్కోని పోండి. ఆడ గుడ్డుండాది."

"కోర్టు స్టే ఏమీ ఇయ్యల్యా. పని చూసుకోమని మాకు ఆర్డరుండాది."

"తీర్పు ఈపొద్దే సార్. ఒక్క పూట ఆగండి. మీకు దండం పెడతా."

సర్వేయరు చెడ్డవాడు కాదు. బయ్యన్న వంక, అతని భుజం మీద ఎర్ర అతుకు వంక చూసి, డ్రైవరు భుజం తట్టి జీపును గట్టు వైపు తిప్పించాడు. అయితే అప్పటికే ఆలస్యమైంది. గడ్డిలోనుంచి పెద్ద రెక్కల చప్పుడు వినిపించింది. తల్లిపిట్ట లేచింది. బరువుగా, నేలను విడవడం ఇష్టం లేనట్టు లేచి, రెండు ఫర్లాంగుల దూరంలో దిగి, మెడ నిటారుగా చాచి నిలబడింది.

బయ్యన్న గుడ్డు దగ్గరికి వెళ్లాడు. ఇన్ని రోజుల్లో అంత దగ్గరికి వెళ్లడం అదే మొదటిసారి. ఎండుగడ్డి రంగులో, రెండు కోడిగుడ్లంత ఉంది. పక్కనున్న గులకరాళ్ల మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. బట్టమేక ఎండ ముదిరాక గుడ్డు మీద కూర్చోదు, రెక్కలు కొంచెం విప్పి గొడుగు పట్టినట్టు నిలబడుతుంది. తల్లి లేని గుడ్డు ఈ ఎండకు రెండు గంటలు ఆగదు, లోపలున్నది ఉడికిపోతుంది. వేరే ఆలోచన లేకుండా బయ్యన్న తూర్పుకు వీపు పెట్టి, తన నీడ గుడ్డు మీద పడేట్టు నిలబడ్డాడు.

తల్లి అక్కడినుంచి చూస్తూనే ఉంది. నాలుగడుగులు ముందుకు వేస్తుంది, ఆగుతుంది, మెడ సాచి చూస్తుంది, వెనక్కి పోతుంది. మనిషి ఉన్నంతవరకూ అది రాదు. మనిషి పోతే గుడ్డు మాడిపోతుంది. ఏం చేయాలో పాలుపోక బయ్యన్న పొద్దుతోపాటు తానూ కొంచెం కొంచెం జరుగుతూ నిలబడ్డాడు. కాళ్లు తిమ్మిరెక్కాయి. నీళ్ల సీసా నాలుగు చుట్లు తిరిగే బాటలో ఎక్కడో రేగు పొద కింద ఉంది. జీపు గట్టు మీద అటూ ఇటూ తిరిగి, నాలుగు చోట్ల గడలు పాతి చూసుకుని, పదకొండింటికి వెళ్లిపోయింది.

నిలబడి నిలబడి కూతురు గుర్తొచ్చింది. జయంతి ధర్మవరంలో అత్తగారింట మగ్గం పనిలో ఉంది. ఇద్దరు పిల్లలు దానికి. ఎవరైనా అడిగితే బయ్యన్న మనవడు ఒకడంటాడు. ఒకసారి పండక్కి వచ్చినప్పుడు ఆ మాట విని జయంతి ఏడ్చింది, మా చిన్నోడు నీ కంటికి కనపళ్లేదా నాయనా అని. వాడు కనపడకూడదనే కదమ్మా అలా చెప్పేది అని ఆనాడు చెప్పలేకపోయాడు. ఇలాంటివి చెబితే అర్థమయ్యేవి కావు, చెప్పడం అతనికి చేతనయ్యేదీ కాదు.

పన్నెండు దాటేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. అతని నీడ కాళ్ల కిందికి కుంచించుకుపోయింది. గుడ్డు మీద నీడ పడాలంటే దానికి అటో కాలు ఇటో కాలు వేసి వంగి నిలబడాల్సి వచ్చింది. అలా పావుగంట నిలబడేసరికి కళ్లు బైర్లు కమ్మాయి. తూలి గుడ్డు మీదే పడతానేమోనని భయమేసింది. అప్పుడు తట్టింది. దగ్గర్లోని బందారు పొద విరిచి నాలుగు పుల్లలు తెచ్చి, గుడ్డు చుట్టూ మూరెడు ఎడం పెట్టి నేలలో గుచ్చాడు. నెత్తినున్న నీలం గళ్ల తలగుడ్డ విప్పి, నాలుగు కొసలూ పుల్లలకు ముడివేశాడు. చిన్న పందిరి అయింది. కింద చల్లటి చదరపు నీడ, నీడ మధ్యన గుడ్డు. తల్లి లోపలికి మెడ వంచి దూరే వీలుగా ఉత్తరం వైపు కొంచెం ఎత్తుగా కట్టాడు. గాలి ఆకైనా కదలనంత స్తంభించి ఉంది. బయ్యన్నకు తన పనితనం చూసి సంతోషమేసింది.

రెండు వందల అడుగుల దూరం వచ్చి, రేగు పొద ఆనుకుని కూర్చున్నాడు. పొదకు నీడ లేదు. తలకు గుడ్డ లేదు. సీసా వెతికి రెండు గుక్కలు తాగితే కడుపులో నిలవలేదు. అక్కడే కూర్చుని తల్లి కోసం చూశాడు. అది రాలేదు. ఒంటిగంటయింది, రెండయింది. ఒళ్లు కాలిపోతోంది, చెమట మాత్రం పట్టడం మానేసింది. అదీ మంచిదే అనుకున్నాడు.

మూడింటికి మారెక్క సంగటి గిన్నెతో వచ్చింది. ఎండలో అంత దూరం ఎప్పుడూ రాదు. రావడం చూడగానే బయ్యన్నకు తెలిసిపోయింది. ఆమె గిన్నె కింద పెట్టి అతని ఎదురుగా చతికిలబడింది.

"తలకు గుడ్డ యాడ?"

"ఆడ కట్టినా. ఫోనొచ్చిందా?"

"వచ్చింది. కొట్టేసినారంట." కొంగుతో ముఖం తుడుచుకుంది. "అయివారు ఏడ్చినంత పని చేసినాడు. నీకు చెప్పల్ల కదా అని నేను నాలుగు సార్లు చెప్పిచ్చుకున్న్యా."

"ఏమన్న్యారంట?"

"పిట్టలుండాయా ల్యావా చూసేకి మేము కాదు, అది ఆఫీసర్ల పని అన్న్యారంట జడ్జీలు. ఆఫీసర్లు కాయితాలు చూసి చేసినారా, ఊరికే చేసినారా, అదొకటే మేము చూసేది. చూసినాము. మూడేండ్లు ల్యాదు ల్యాదు అని వాళ్ల మనిషే రాసినాడు. అది నమ్మి చేసినారు, దాంట్లో తప్పేముండాది అన్న్యారంట."

"నేను సంతకం పెట్టిన కాయితం?"

మారెక్క సంగటి ముద్ద మీద ఈగను తోలింది. "దాన్నీ సదివినారంట. దినమ్మూ కండ్లతో చూసి రాసిన పుస్తకం నమ్మల్లనా, అది తప్పని ఇప్పుడొచ్చి చెప్పేది నమ్మల్లనా అన్న్యారంట. ఈ మనిషి అప్పుడు అబద్దం రాసినాడో, ఇప్పుడు అబద్దం చెప్తాండాడో మాకేం తెలుసు అని."

బయ్యన్న ముఖం అటు తిప్పుకున్నాడు. జడ్జీలు తప్పు మాట్లాడినట్టు అతనికి అనిపించలేదు. వాళ్ల చోట తానున్నా ఆ మాటే అనేవాడు. అదే అతన్ని ఎక్కువ కుంగదీసింది. ఎవరినైనా తిట్టడానికి ఉంటే కొంత తేలికయ్యేది.

"నేను అబద్దం రాయల్యా మే," అన్నాడు చివరికి.

"నాకు తెల్దా."

"ఒకటి తగ్గించి రాసినా. అంతే."

"పై కోర్టుకు పోదామన్న్యాడు అయివారు. ఢిల్లీలో ఉండాదంట."

"ఢిల్లీకి పోయొచ్చే లోపల పిల్ల లేస్తాది," అన్నాడు. అన్నాక ఆ మాటను పట్టుకునే కొంచెం నిటారుగా కూర్చున్నాడు. "కంపెనోళ్లు రేపే రారు కదా. సామాన్లు తెచ్చుకోవల్ల, మనుషులు రావల్ల. ఎనిమిది దినాలు. పిల్ల లేచినాంక తల్లెంబడి నడుస్తాది. దాన్ని యాడికైనా తోలుకోని పోతాది. గుడ్డునైతే తోలుకోని పోల్యాదు."

మారెక్క అతని చెయ్యి పట్టుకుని చూసింది. "ఒళ్లు పెనం మాదిరి ఉండాది. లెయ్. ఇంటికి పోదాం."

"నువ్వు పో. ఇద్దరు మనుషులుంటే అది రాదు."

"నువ్వేమన్నా తిన్న్యావా పొద్దున్నుంచి?"

"తింటా. పో మే. దీపం పెట్టే పొద్దుకు వస్తా."

ముప్పై అయిదేళ్ల కాపురంలో పిట్టల విషయంలో అతనితో వాదించి గెలిచింది లేదు. తన కొంగు తడిపి అతని నెత్తిన అద్ది, లేచింది. గట్టు ఎక్కేదాకా రెండు సార్లు వెనక్కి తిరిగి చూసింది. రెండో సారి అతడు చెయ్యి ఊపాడు, పొమ్మని.

మనిషి అలికిడి తగ్గాక తల్లి కదిలింది. బయ్యన్న ఊపిరి బిగబట్టాడు. అది గడ్డి అంచు వెంట చుట్టూ తిరిగి, ఆగి ఆగి, ఉత్తరం వైపునుంచి పందిరి దగ్గరికి వస్తోంది. సరిగ్గా అతడు ఎత్తుగా కట్టిన వైపునుంచే. నలభై అడుగులు. ముప్పై. మెడ కిందికి వంచింది, గుడ్డును చూసింది. బయ్యన్న కళ్లలో నీళ్లు తిరిగాయి.

నాలుగు గంటలకు ఆ మిట్టమీద గాలి లేస్తుంది. ఏ కాలమైనా పడమటినుంచి లేచి పొద్దుగూకేదాకా విసురుతుంది. కంపెనీవాళ్లు అంత దూరంనుంచి వెతుక్కుంటూ వచ్చింది ఆ గాలి కోసమే. ఆ సంగతి అందరికన్నా బాగా తెలిసిన బయ్యన్న, మధ్యాహ్నం ముడులు వేసేటప్పుడు దాన్ని మరిచిపోయాడు. తలగుడ్డ ఒక్కసారి ఉబ్బి టపటపా కొట్టుకుంది. తల్లి అదిరిపడి వెనక్కి పరుగెత్తింది. కాసేపటికి మళ్లీ వచ్చింది. మళ్లీ గుడ్డ కొట్టుకుంది. మూడోసారి వంద అడుగుల దగ్గరే ఆగిపోయి, అక్కడినుంచి గుడ్డు వైపు చూస్తూ నిలబడింది. పొద్దు వాలుతోంది. ఇప్పుడు ఎండనుంచి గుడ్డును కాచే పని లేదు, తల్లి చాలు. ఆ గుడ్డ ఒక్కటి తీసేస్తే అది వచ్చి కూర్చుంటుంది.

"తీసేస్తానుండు తల్లీ," అన్నాడు. పైకే అన్నాననుకున్నాడు.

లేచాడు. నేల ఒకవైపుకు వాలినట్టనిపించింది. పొద పట్టుకుని నిలదొక్కుకుని, నడిచాడు. పందిరి ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా కనిపించింది. పొర లేని కంటికీ అది మసకగానే ఉంది. నాయన దొడ్డి వాకిట నిలబడి వచ్చేవాటి ముఖాలు చూస్తున్నట్టు తోచింది. లోపలికి పోతే తనను లెక్కలో వేస్తాడో లేదో అని నవ్వొచ్చింది. మోకాళ్లు ముడుచుకున్నాయి. గడ్డి మీద ముందు కూర్చున్నాడు, కొంచెం సేపు ఆగి లేద్దామని. తర్వాత పక్కకు ఒరిగాడు. పందిరికి ఇంకా డెబ్భై అడుగులుంది.

దీపం పెట్టే పొద్దుకు రాకపోయేసరికి మారెక్క, నల్లమ్మ మొగుడు లింగన్నను వెంటబెట్టుకుని వచ్చింది. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది, అది ఎండ వేడి. సంగటి ముద్ద ముట్టినట్టు లేదు. ఎద్దులబండి తెప్పించి ఇంటికి చేర్చారు. జయంతి మర్నాడు మధ్యాహ్నానికి ఇద్దరు పిల్లలతో వచ్చింది. మట్టి చేసేటప్పుడు బీట్ ఆఫీసరు రామాంజనేయులు కూడా వచ్చి, టోపీ తీసి, ఒక మూల నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. డిపార్టుమెంటు ఆ బీడుకు ఇంకో వాచరును వెయ్యలేదు. పిట్టలు లేని చోట వాచరెందుకన్నారు.

చావింటి పనుల్లో పడి ఎవరికీ గుడ్డు సంగతి జ్ఞాపకం రాలేదు. మూడో రోజు అయివారు సైకిలు గట్టు మీద వదిలి బీడులోకి నడిచి వెళ్లాడు. గుడ్డు పెట్టినచోటే ఉంది, కనుచూపు మేరలో పిట్ట లేదు. బందారు పుల్లల మీద నీలం గళ్ల తలగుడ్డ, ఒక కొస ముడి విడిపోయి, మిగిలిన మూడూ గట్టిగా పట్టుకుని, గాలికి టపటపా కొట్టుకుంటూ ఉంది.